అరవని జట్టు

వ్యాయామ ఉపాధ్యాయులుగా కొత్తగా చేరినవాళ్ళు నన్ను కలిసినప్పుడు మొదట అడిగేది ఆటల గురించి కాదు. "మేడం, మిగతా టీచర్లు మనల్ని లెక్కచేస్తారా?" అని అడుగుతారు. చేయరు. ముందే చెప్పేస్తున్నాను, సగం బాధ తప్పుతుంది. లెక్కల సారు సెలవు పెడితే ఆ క్లాసుకు మిమ్మల్ని తోలుతారు. పరీక్షలు దగ్గరపడితే మీ పీరియడ్ లెక్కల సారుకు పోతుంది. పంద్రాగస్టుకు కుర్చీలు వేయించడం, జెండా తాడు చిక్కు తీయడం, కళ్ళు తిరిగి పడిపోయిన పిల్లకు నీళ్ళు తాగించడం మీ పనే. అయినా ఈ ఉద్యోగం ఇంకోసారి ఇస్తే ఎగిరి గంతేసి చేస్తాను. క్లాసులో పిల్లవాడు వింటున్నట్టు నటించగలడు. గ్రౌండ్‌లో ఎవడూ నటించలేడు. వాడు ఎవరో, ఏ ఇంటి నుంచి వచ్చాడో అక్కడ తెలిసిపోతుంది.

నేను పనిచేసింది సూరత్‌లో, ఒక తెలుగు మీడియం బడిలో. మా పిల్లల్లో ఎక్కువమంది సిరిసిల్ల, జగిత్యాల వైపు పల్లెల నుంచి వచ్చిన నేత కుటుంబాలవాళ్ళు. తండ్రులు సాంచాల మీద పనిచేస్తారు. కరెంటుతో నడిచే మగ్గాలను మావాళ్ళు సాంచాలనే అంటారు. నా భర్తా అదే పని చేశాడు. నేను చదువుకునే రోజుల్లో కబడ్డీ ఆడిన మనిషిని, నోరు కాస్త పెద్దది. ఆ నోరు ఎందుకూ పనికిరాని ఒక సంవత్సరం గురించి చెప్పాలనే ఇది రాస్తున్నాను. అది నా ఉద్యోగంలో చివరి సంవత్సరం. ఇన్నేళ్ళలో నేను అంత గర్వపడింది ఇంకెప్పుడూ లేదు.

రెండు వైపులా మొనదేలిన బంతి

రగ్బీ నాకు కూడా కొత్తే. జిల్లాలో పీటీ టీచర్లందరికీ శిక్షణ అంటే వెళ్ళాను. వచ్చేటప్పుడు రెండు బంతులు ఇచ్చి పంపించారు. ఒక్కో జట్టులో ఏడుగురు ఆడే పద్ధతి. బంతి పట్టుకొని ఉరకాలి, అవతలి గీత దాటి నేలకు ఆనించాలి. దాన్ని ట్రై అంటారు. బంతి ఉన్నవాడిని నడుము పట్టుకొని పడగొట్టవచ్చు. ఇంతవరకు మా పిల్లలకు చెప్పడం తేలికే, ఇదంతా కబడ్డీకి దగ్గరి చుట్టమే. తిరకాసు ఒక్కటే ఉంది. బంతిని చేత్తో ముందుకు అందించకూడదు. పక్కకో వెనక్కో మాత్రమే ఇవ్వాలి.

బంతిని చూడగానే శేఖర్ చేతిలోకి తీసుకొని తిప్పి తిప్పి చూశాడు. తొమ్మిదో తరగతి, భారీ మనిషి, బెంచీలో ఒక్కడే ఇద్దరి చోటు ఆక్రమించేవాడు.

"ఏంది టీచర్ ఇది, గింత పెద్ద నాడె?" అన్నాడు.

నాడె అంటే మగ్గంలో దారం మోసుకుంటూ అటూ ఇటూ పరిగెత్తేది, రెండు వైపులా మొనదేలి ఉంటుంది. అందరూ పగలబడి నవ్వారు. ఆ రోజు నుంచి మా బడిలో రగ్బీ బంతి పేరు నాడె. కెప్టెన్ వంశీ. పిడికెడంత మనిషి. వాడు పరిగెత్తితే మాత్రం పట్టుకోవడం పెద్దవాళ్ళకు కూడా చేతకాదు.

వెనక్కి చూసే జబ్బు

వరాఛాలోని ఒక ఇంగ్లీషు మీడియం బడితో మొదటి ఆట. వాళ్ళకు బూట్లు, డ్రెస్సులు, సొంత కోచ్. ఎంత చిత్తుగా ఓడామో చెప్పను, లెక్కపెట్టడం మధ్యలోనే మానేశాను. ఓడినందుకు నాకు బాధ లేదు. ఓడిన తీరు చూసే ఒళ్ళు మండింది. వంశీ బంతి పట్టుకొని ముగ్గురిని దాటేస్తాడు. నాలుగోవాడు ఎదురుగా వస్తాడు. బంతి వెనకవాళ్ళకు ఇవ్వాలి. అప్పుడు నిలబడి, మెడ తిప్పి, వెనక ఎవరున్నారో తీరిగ్గా చూస్తాడు. ఈలోగా నలుగురు వచ్చి మీద పడతారు. ఒక్క వంశీయే కాదు, అందరిదీ అదే జబ్బు.

రగ్బీలో వెనక వచ్చేవాడు అరవాలి. "కుడి! కుడి!" అని అరిస్తే ముందువాడు చూడకుండానే అటు విసురుతాడు. వరాఛా పిల్లలు చెవులు చిల్లులు పడేలా అరిచారు. మావాళ్ళు ఏడుగురూ మౌనవ్రతం పట్టినట్టు ఆడారు.

"నోరు పడిపోయిందార మీకు? అరువుమంటే ఎందుకు అరుస్తలేరు?" అని తర్వాత నిలదీశాను.

వంశీ తల గోక్కున్నాడు. "యాదికి రాదు టీచర్. ఉరికేటప్పుడు నోరు దానంతట అదే బంద్ అయితది."

క్లాసులో వీళ్ళ వాగుడు ఆపడానికి సోషల్ టీచర్ నానా తిప్పలు పడేది. అలాంటివాళ్ళు గ్రౌండ్‌లోకి దిగితే మూగవాళ్ళు. నెల రోజులు నేనే గొంతు చించుకొని అరిచి నేర్పించాను. ప్రాక్టీసులో నిలబడి అరవమంటే అరుస్తారు. పరుగు మొదలైతే మళ్ళీ మౌనం.

కారణం నాకు మా ఇంట్లోనే ఎప్పటినుంచో కనిపిస్తూ ఉంది. కార్ఖానాలో సాంచాలు నడుస్తుంటే పక్కవాడి చెవిలో అరిచినా వినపడదు. అందుకే అక్కడ మాటలన్నీ చేతులతోనే. పిడికిలి బిగించి పైకెత్తితే 'ఆపు' అని. అరచెయ్యి నేలవైపు తిప్పి, నాడె పోయినట్టు అడ్డంగా అటూ ఇటూ ఆడిస్తే 'నడువనీ, ఆపకు' అని. మా పిల్లలు అన్నం డబ్బా పట్టుకొని కార్ఖానాలో తండ్రి దగ్గరికి పోయి, ఎదురుగా నిలబడి, కళ్ళతో చేతులతో మాట్లాడి వస్తారు. పని అంటే వాళ్ళ దృష్టిలో నోరు మూసుకొని, ఎదుటివాడి ముఖం చూస్తూ చేసేది. మా ఆయన ఇంటికి వచ్చాక కూడా ఉప్పు కావాలంటే చేత్తోనే అడిగేవాడు. నేను విసుక్కునేదాన్ని. అలాంటి ఇళ్ళ పిల్లలు రగ్బీలో ఎందుకు వెనక్కి తిరిగి చూస్తారో ఏ శిక్షణలోనూ చెప్పరు. జట్టును తయారుచేసేముందు పిల్లల ఇళ్ళలో మాట ఎలా నడుస్తుందో వెళ్ళి చూడండి. నా అనుభవంలో పనికొచ్చే శిక్షణ అదొక్కటే.

ఆచార్య గారు

ఇక్కడ హెడ్‌మాస్టర్‌ను ఆచార్య అంటారు. మా ఆచార్య గారు మడత నలగని తెల్లచొక్కా మనిషి. తెలుగు పుస్తకం చదివినట్టు మాట్లాడేవారు. గుజరాతీ ఇంకా శుభ్రంగా మాట్లాడేవారు. ఏ ఊరు, ఎవరి పిల్లవాడు అంటే మాట మార్చేసేవారు. చెడ్డవాడు కాదు, బడికి మంచి పేరు తెచ్చింది ఆయనే. కానీ ఒక్క విషయంలో ముక్కు మీద కోపం. వరండాలో పిల్లలు దూరం నుంచి చేతులతో మాట్లాడుకుంటూ కనిపిస్తే చాలు, అక్కడే ఆపేసేవారు.

"ఇది కార్ఖానా కాదు. పాఠశాల. నోటితో చెప్పు" అనేవారు.

వరాఛా ఆట తర్వాత నన్ను పిలిపించారు.

"సుగుణ గారూ, మన మైదానం చిన్నది. ఖోఖోకు అడుగుతున్నారు, క్రికెట్‌కు అడుగుతున్నారు. ఈ ఆటలో మన పిల్లలు నవ్వులపాలవుతున్నారు. జిల్లా టోర్నమెంటులో ఒక్క మ్యాచ్ గెలవనివ్వండి, వచ్చే ఏడాది కూడా ఉంచుతాను. లేదంటే మీ పదవీ విరమణతో పాటు ఇదీ ఆగిపోతుంది."

ఆయన మాటలో అన్యాయం లేదని నాకు తెలుసు, అందుకే ఇంకా కోపం వచ్చింది. పై అధికారి న్యాయంగా మాట్లాడితే కొట్లాడడానికి కూడా ఉండదు. పిల్లలకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. దాచిపెట్టి ఆడించడం నాకు నచ్చదు. ఓడితే ఎందుకు ఏడవాలో వాళ్ళకూ తెలియాలి.

శేఖర్ బంతిని ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఇంక నన్ను ఏ ఆటల తీసుకుంటరు టీచర్? ఖోఖోల ఉరకలేను, క్రికెట్‌ల ఒంగలేను. గీ ఒక్క దాంట్లనే నేను పనికొస్త" అన్నాడు. వాడు నవ్వుతూనే అన్నాడు, నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఈల

టోర్నమెంటుకు ముందు కడోదరాలో ఒక బడితో స్నేహపూర్వక ఆట. దారి పొడుగునా పిల్లలు ఆటోలో గుసగుసలాడుతుంటే ఏదో వేషం వేయబోతున్నారని అనుకున్నాను. నిజంగానే వేశారు.

ఆట మొదలైంది. వంశీ బంతితో దూసుకుపోతున్నాడు. వెనక నుంచి శేఖర్ రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఊరంతా వినపడేలా ఈల వేశాడు. కార్ఖానాలో దూరంగా ఉన్నవాడిని పిలవాలంటే పనికొచ్చేది ఈల ఒక్కటే, మోతను చీల్చుకొని వెళ్తుంది. అందుకని పిల్లలు బంతి అడగడానికి ఈల పెట్టుకున్నారు. ఈల వినగానే కడోదరా పిల్లలంతా రెఫరీ ఆట ఆపాడనుకొని ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. వంశీ సాఫీగా వెళ్ళి గీత అవతల బంతి పెట్టి వచ్చాడు. మావాళ్ళు ఎగిరి గంతులు.

రెఫరీ నా దగ్గరికి వచ్చిన తీరు ఇప్పటికీ కళ్ళముందుంది. "మేడం, సీటీ యా మై బజావూంగా, యా ఆప్‌కా లడ్కా" అన్నాడు. ఈల వేస్తే నేనైనా వేయాలి, మీ పిల్లవాడైనా వేయాలి అని. ఆ ట్రై చెల్లదన్నాడు. పెనాల్టీ అవతలివాళ్ళకు ఇచ్చాడు. ఆ ఆట కూడా ఓడిపోయాం.

తిరుగు దారిలో తిడదామని నోరు తెరిచాను. శేఖర్ ముఖం చూసి నవ్వు వచ్చింది. నవ్వి నవ్వి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాళ్ళు నేను చెప్పిన దాంట్లో ఇమడలేక తమ దగ్గరున్నది తెచ్చి పెట్టారు. తెచ్చింది తప్పే, కానీ తేవాలన్న ఆలోచన సరైనది. ఇక్కడ కొత్త టీచర్లు ఎక్కువగా పిల్లవాడి తప్పును మాత్రమే చూస్తారు. ఆ తప్పు వెనక ఉన్న తెలివిని కూడా చూడండి, దాన్ని పట్టుకుంటే మీ పని సగం అయినట్టే.

భోజనాల వరస

ఆ వారంలోనే, మధ్యాహ్న భోజనం వేళ. వరండాలో పిల్లలు రెండు వరసల్లో కూర్చుంటారు, మధ్యలో సన్నటి దారి. ఖిచిడీ పళ్ళాలు పట్టుకొని పిల్లలు అందులోంచే వెళ్ళాలి. ఎప్పుడూ చూసేదే, ఆ రోజు ఎందుకో కళ్ళు ఆగిపోయాయి. వెనక నుంచి వచ్చేవాడు ముందువాడి వీపు మీద కుడివైపు మెల్లగా తట్టాడు. ముందువాడు తిరిగి చూడలేదు. తల కూడా ఎత్తలేదు. ఎడమకు జరిగి కుడివైపు దారి వదిలాడు. ఇంకొకడు ఎడమవైపు తట్టాడు, వాడికి ఎడమ దారి దొరికింది. పళ్ళెంలో మెతుకు కింద పడలేదు.

ఇది కూడా కార్ఖానా అలవాటే. రెండు సాంచాల మధ్య సందులో మనిషి నడవడమే కష్టం. మోటారు బెల్టులు తిరుగుతుంటాయి, నాడెలు పరిగెత్తుతుంటాయి. దారి కావాలంటే వీపు తట్టాల్సిందే, తట్టిన వైపు వదలాల్సిందే. తిరిగి చూస్తే చెయ్యి ఎక్కడ పడుతుందో తెలియదు.

పళ్ళెం పక్కనపెట్టి వంశీని, శేఖర్‌ను లాక్కుపోయాను. చేతులు కడుక్కోనివ్వలేదు.

"వంశీ, బంతి పట్టుకొని ఉరుకు. శేఖర్, దగ్గరికి పోయి వాని వీపు తట్టు. ఏ దిక్కు తడితే ఆ దిక్కు బంతి వదలాలె. ఎనుకకు సూస్తె తంత."

మొదటిసారే కుదిరింది. వంశీ మెడ తిప్పలేదు. శేఖర్ చెయ్యి కుడి భుజం కింద తగిలిందో లేదో, బంతి కుడివైపు శేఖర్ చేతుల్లో ఉంది. ఇద్దరూ నా ముఖం చూశారు. ఇంకోసారి చేయమన్నాను.

"గింతేనా టీచర్?" అన్నాడు వంశీ. "గిది మాకు ఎప్పుడో వచ్చు కద."

అప్పటి నుంచి మా ఆట మారిపోయింది. తట్టాలంటే వెనకవాడు ముందువాడిని అంటిపెట్టుకొని ఉరకాలి, అందుకని పిల్లలు ఒకరినొకరు వదలకుండా పరిగెత్తడం నేర్చుకున్నారు. శేఖర్ కూడా ఉరకడం మొదలుపెట్టాడు, వంశీ వీపు దూరమైతే వాడికి బంతి రాదు మరి. ఏ నియమమూ దీన్ని తప్పనదని రెఫరీని అడిగి మరీ తెలుసుకున్నాను. చలికాలం వచ్చేసరికి ఊళ్ళో రెండు జట్లతో ఆడి, ఒకదానితో సమానంగా నిలిచాం, ఇంకోదానితో కొద్దిలో ఓడాం. గెలుపు మాత్రం ఇంకా రాలేదు.

సచిన్‌లో

జిల్లా టోర్నమెంటు సూరత్ శివార్లలోని సచిన్ అనే ఊళ్ళో, కార్ఖానాల మధ్య ఒక గ్రౌండ్‌లో. మొదటి మ్యాచే ఎవరితో అనుకున్నారు? వరాఛావాళ్ళతో. ఓడితే ఇంటికే, రగ్బీ కూడా ఇంటికే.

ఆ రోజు మా వైపు కార్ఖానాలకు వారపు సెలవు. తండ్రులు బైకుల మీద, సిటీ బస్సులో వచ్చేశారు. వచ్చి గీత పక్కన వరసగా నిలబడ్డారు, అంతే. వరాఛా తల్లిదండ్రులు డప్పు తెచ్చుకున్నారు. నిర్వాహకుల మనిషి ఒకతను నన్ను, "మీవాళ్ళు చప్పట్లు కూడా కొట్టరా?" అని అడిగాడు. "వాళ్ళ ఇష్టం, నీకేం పోయె?" అన్నాను. ఆచార్య గారు కూడా వచ్చారు. తెల్లచొక్కా, చేతిలో గొడుగు. దూరంగా ఒక్కరే నిలబడ్డారు.

మొదటి సగంలో వాళ్ళొక ట్రై, మేమొక ట్రై. వంశీ పరుగు, శేఖర్ చెయ్యి, బంతి మాయం. వరాఛా కోచ్ నోరు తెరుచుకొని చూశాడు. రెండో సగం మొదలైన కాసేపటికి గోడ అవతల రోడ్డు మీదికి పెళ్ళి ఊరేగింపు వచ్చింది. గుర్రం మీద పెళ్ళికొడుకు, ముందు ట్రక్కు నిండా డీజే. ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయి సరిగ్గా మా గ్రౌండ్ పక్కనే ఆగింది. ఆగితే ఏం చేస్తారు, డ్యాన్సులు మొదలుపెట్టారు. గోడ అదిరిపోతోంది. నా మాట నాకే వినపడడం లేదు.

వరాఛా పిల్లలు ఒకరినొకరు పిలుచుకుంటున్నారు, ఎవరికీ వినపడదు. బంతి ఎవరూ లేని చోటికి వెళ్తోంది. మా పిల్లలకు మాత్రం సొంత ఇంటికి వచ్చినట్టుంది. తర్వాత కొందరు, మమ్మల్ని డీజే గెలిపించిందన్నారు. అననివ్వండి. మోత రెండు జట్లకూ ఒక్కటే, ఆ మోతలో బతకడం మావాళ్ళకు వచ్చు.

అయినా గెలుపు అంత తేలిగ్గా రాలేదు. స్కోరు ఇంకా సమానంగానే ఉంది. ఆట ఇంకాసేపట్లో ముగుస్తుందనగా వంశీ గీత ముందరే బంతి జారవిడిచాడు. మోకాళ్ళ మీద కూలబడ్డాడు. మిగతావాళ్ళు కూడా చేతులెత్తేశారు. లేవండిరా అని అరిచాను, ఎవరికి వినపడుతుంది? వంశీ తల ఎత్తి గీత వైపు చూశాడు.

నేనూ అటు చూశాను. వాళ్ళ నాన్న అరచెయ్యి నేలవైపు తిప్పి, అడ్డంగా అటూ ఇటూ ఆడిస్తున్నాడు. పక్కన శేఖర్ వాళ్ళ నాన్న. ఆ పక్కన ఇంకొకరు. వరస మొత్తం చేతులు, ఒక్క గొంతు లేదు. నడువనీ, ఆపకు.

వంశీ లేచాడు. బంతి జారితే దాని కోసం రెండు జట్లూ తలలు ఆనించి కలబడాలి. ఆ కుస్తీలో మావాళ్ళే దాన్ని లాక్కున్నారు, మళ్ళీ వంశీ చేతికొచ్చింది. ఇద్దరిని దాటాడు, ముగ్గురు చుట్టుముట్టారు. దారి లేదు. వెనక శేఖర్ వగరుస్తూ వచ్చి వీపు మీద ఎడమవైపు తట్టాడు. వంశీ చూడలేదు. బంతి ఎడమకు వదిలాడు. ఆ భారీ మనిషి ఇద్దరిని మీదేసుకొని, ఈడ్చుకుంటూ గీత అవతల పడ్డాడు, బంతి కడుపు కింద. రెఫరీ చెయ్యెత్తాడు. ఇంకాసేపటికి ఆట ముగిసినట్టు ఈల నోట పెట్టుకొని ఊదాడు, అది కూడా ఎవరికీ వినపడలేదు. రెండు చేతులూ ఊపితే అర్థమైంది.

నేను ఏడ్చాను. సిగ్గేం లేదు. ఇన్నేళ్ళలో గెలిచిన జట్లు చాలా ఉన్నాయి, కబడ్డీలో రాష్ట్రానికి కూడా పంపాను. కానీ వాళ్ళకు నేను నేర్పాను. ఈ పిల్లలు తమ ఇంటి నుంచి తెచ్చుకున్న దానితో గెలిచారు. తర్వాతి మ్యాచ్ ఓడిపోయాం, దాని గురించి ఎవరూ బాధపడలేదు.

వరాఛాను గెలిచిన వెంటనే శేఖర్ మట్టి ముఖంతో నా దగ్గరికి ఉరికొచ్చి ఏదో అడిగాడు. డీజే మోతలో వినపడకపోయినా పెదవులు చూసి తెలుసుకున్నాను. 'వచ్చే ఏడు ఉంటదా?' అది నేను చెప్పగలిగింది కాదు. ఇద్దరం గ్రౌండ్ అవతల నిలబడ్డ ఆచార్య గారి వైపు తిరిగాం. శేఖర్ రెండు చేతులూ చాపి ప్రశ్న వేశాడు.

ఆచార్య గారు ఏదో చెప్పబోయి, వినపడదని ఆగిపోయారు. గొడుగు చంకలో పెట్టుకున్నారు. కుడిచెయ్యి ముందుకు చాచి, అరచెయ్యి నేలవైపు తిప్పి, అడ్డంగా అటూ ఇటూ ఆడించారు. వంకర లేదు, తడబాటు లేదు. చిన్నప్పటి నుంచి సాంచాల మధ్య పెరిగినవాడి చెయ్యి అది.

శేఖర్ నా ముఖం చూశాడు. "టీచర్, సార్ మనోడే!" అన్నాడు. ఆ ఒక్క మాట మాత్రం డీజే మోతలో కూడా నాకు వినపడింది.